మూడు సంస్థలు, ఒకటే ఏడుపు

అమలాపురంలో టైపు నేర్చుకున్నవాళ్ళలో సగంమంది వేళ్ళు మాణిక్యాలరావుగారి స్కేలు దెబ్బ తిన్నవే. ఆయనకి ఇంకో వ్యాపకం కూడా ఉండేది, విరాళాలడిగే ఉత్తరాలు రాసిపెట్టడం. ఏ ఆశ్రమంవాళ్ళొచ్చినా "అభాగ్యుల కన్నీరు తుడిచే చల్లని చేతులు మీవి" అని మొదలెట్టి, చదివేవాళ్ళ గుండె పిండి ఆరేసేవారు. పైసా పుచ్చుకునేవారు కాదు. పొగిడితే మాత్రం కాదనేవారు కాదు.

తొంభై ఎనిమిదిలో ఆ పొగడ్తకి గండిపడింది. మస్కట్‌లో పనిచేసుకునే మనవాళ్ళు సంఘం పెట్టుకుని, ఏటా ఒక్క సంస్థకి అండగా ఉంటామన్నారు. మూడు సంస్థలవాళ్ళు ఈయన దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. ఈయన పేర్లు మార్చి మూడింటికీ ఒకటే ఉత్తరం కొట్టారు. మహానుభావుడు, మూడోదాంట్లో ఆ పేరు మార్చడం కూడా మరిచిపోయారు!

మస్కట్ నుంచి జవాబొచ్చింది. "మూడు సంస్థలు, ఒకటే ఏడుపు. మీలో ఎవరు ఏం బాగా చేస్తారో నెలాఖరులోగా రాయండి."

ఆ మూడో ఉత్తరం అంబాజీపేట సాలమోనుది. కొబ్బరి దింపు తీస్తూ చెట్టుమీంచి పడి, నడుం విరిగి మంచానపడ్డ తొమ్మిదిమందిని అద్దింట్లో పెట్టుకుని చూసే మనిషి.

"ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నాడండీ. ఈ సాయంతో సొంతంగా పాకేసుకోకపోతే ఎవరింటికాళ్ళని పంపెయ్యాలి. ఇళ్ళకెళ్తే బతకరండీ" అన్నాడు, ఆ జవాబు పట్టుకొచ్చి.

మాణిక్యాలరావుగారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ఇంతకీ మీరేం బాగా చేస్తారయ్యా?"

"ఏవుందండీ, అన్నం పెడతాం, నీళ్ళు పోస్తాం. ఆయ్."

లాభం లేదని మర్నాడు ఆయనే బస్సెక్కి వెళ్ళారు. అక్కడ కనకమ్మ అనే ఆవిడ బచ్చలికూర తరుగుతోంది. ఇంతలో అలారం గడియారం మోగింది. ఆవిడ కూర వదిలేసి లేచింది. తనూ సాలమోనూ కలిసి తొమ్మిదిమందినీ పక్కకి తిప్పి, వీపులు చూసి, కొబ్బరినూనె రాశారు. ఆవిడ మళ్ళీ వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది.

"ఎందుకమ్మా అది?"

"ఒకేపక్క పడుకుంటే వీపు పుండవుద్దండీ. పుండుపడితే మనిషి మిగలడు. అందుకని రెండుగంటలకోసారి తిప్పుతాం."

"రాత్రిళ్ళు కూడానా?"

"రాత్రని వీపు ఊరుకుంటదాండీ?"

"ఇప్పటికి ఎంతమందికి పడ్డాయి పుళ్ళు?"

కనకమ్మ వేళ్ళమీద లెక్కేసింది. "ఆరేళ్ళయ్యిందండీ. ఎవరికీ పళ్ళేదు."

"మరి ఈ మాట చెప్పరేమయ్యా?"

"ఇదీ చెప్పుకునేదేనేంటండీ?" అన్నాడు సాలమోను.

చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడమంటే ఇదే. మాణిక్యాలరావుగారు జన్మలో మొదటిసారి కన్నీరన్న మాట లేకుండా ఉత్తరం కొట్టారు. పోస్టు చేసేముందు అంబాజీపేట వెళ్ళి అందరికీ చదివి వినిపించారు.

"భీమరాజు ఆరేళ్ళుగా మంచంమీదే ఉన్నారు. ఆయన వీపుమీద ఒక్క పుండు లేదు. వచ్చి చూడండి."

"నిజవేనాండీ?" అన్నాడు భీమరాజు మూలమంచంలోంచి. "నా వీపు నేను చూసుకోలేను గదండీ."

నెల తిరక్కుండా మస్కట్ నుంచి మనిషొచ్చాడు. భీమరాజు చొక్కా ఎత్తించి మరీ చూశాడు. ఆ ఏడు సాయం సాలమోనుకే అని చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఉత్తరానికి ఎవరొచ్చినా, మాణిక్యాలరావుగారు మొదట మీ ఊరికి బస్సెన్నింటికని అడిగేవారు.

సాయం కబురు విన్నరోజు భీమరాజు కనకమ్మని దగ్గరికి పిలిచాడు.

"చెట్టుమీంచి పడ్డాక దేనికీ పనికిరానని ఏడ్చేవోణ్ణి, కనకమ్మగారూ" అన్నాడు. "నా వీపు తొమ్మిదిమందికి ఇల్లు నిలబెట్టింది."

"సంతోషమే. ముందిటు తిరుగు నాయనా" అంది కనకమ్మ. గడియారం మోగి అప్పటికే అయిదు నిమిషాలయింది.