ఇంటర్వ్యూలో ఐదోసారి పడిన వాన

మొన్న శుక్రవారం ఏం చేశానో వినండి. చేతికందబోయే ఉద్యోగాన్ని నా నోటితో నేనే చెడగొట్టుకున్నాను. అబద్ధం చెప్పి దొరికిపోయానంటే ఒక అందం. నేను నిజం చెప్పి దొరికిపోయాను. నవ్వండి, పర్వాలేదు. నేనూ సగం నవ్వుతూనే చెప్తున్నాను.

మీకు తెలుసుగా, దిల్‌సుఖ్‌నగర్‌లో పన్నెండేళ్ళు నేను చేసిన పని ఒక్కటే. డిగ్రీ అయిన పిల్లలకి ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పించడం. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' మొదలుకొని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నేనే చెప్పేవాణ్ణి. ఇన్‌స్టిట్యూట్ యాదగిరి గారిది. నల్గొండ వైపు మనిషి. కిందటేడు ఆయన గుండెపోటుతో పోయారు, వెనకాలే ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ ఒక్క మాటనదు. అదే కష్టంగా ఉంది. తనేమైనా అంటే నేనూ ఏదో ఒకటి అనొచ్చు కదా.

అలాంటి టైములో ఎల్బీనగర్‌లో ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ట్రైనింగ్ మేనేజర్ పోస్టు. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి అసలు ఎవరు పిలుస్తారండీ? ఇది పోతే ఇంకోటి రాదని నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసిచ్చింది.

వెళ్ళాను. పొద్దున ఫ్రెషర్స్‌కి వాక్-ఇన్ ఇంటర్వ్యూలట, మధ్యాహ్నం నాకు. లోపల ఇద్దరు కూర్చున్నారు. ఒకరు హెచ్ఆర్ అమ్మాయి, ముప్పై ఉండవు. పక్కన ఆపరేషన్స్ చూసే పెద్దాయన. పావుగంట బాగానే నడిచింది. పెద్దాయన నా అనుభవం విని తలూపుతున్నాడు. జీతం మాట కూడా రాబోతోంది అనుకున్నాను. అప్పుడా అమ్మాయి అడిగింది.

"సర్, మీకు ఎలాంటి మేనేజ్‌మెంట్ స్టైల్ కంఫర్టబుల్? ఎలాంటి బాస్ కింద పని చేయడం ఇష్టం?"

ఈ ప్రశ్న నేను ఎన్ని వందలమందిని అడిగానో లెక్క లేదు. జవాబు నాలుక మీదే ఉంటుంది. మొదలుపెట్టేశాను.

"ఐ ప్రిఫర్ ఎ పార్టిసిపేటివ్ స్టైల్, మేడం. అందరి అభిప్రాయం తీసుకునే లీడర్ అంటే ఇష్టం. ఫర్ ఎగ్జాంపుల్, మా కాలేజీ ఫెస్ట్‌లో ఒకసారి పెద్ద వాన పడింది..."

కాలేజీ ఫెస్ట్ అంటున్నాను. నలభై తొమ్మిదేళ్ళ వయసులో. మధ్యలోనే తెలిసింది నాకు, కానీ నోరు ఆగలేదు. టీమ్ లీడర్ అందర్నీ పిలిచి ఒపీనియన్ అడగడం, స్టేజీని సెమినార్ హాల్లోకి మార్చడం, ఫెస్ట్ సక్సెస్ కావడం, అన్నీ పూర్తిచేసి చిరునవ్వుతో ఆగాను. ఎక్కడ నవ్వాలో కూడా పిల్లలకి నేను రాసిచ్చిన నోట్స్‌లో ఉంటుంది మరి.

ఆ అమ్మాయి పెద్దాయన వైపు చూసింది. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఏమనుకోవద్దు సర్," అంది. "ఈ వాన పొద్దున్నుంచి నాలుగుసార్లు పడింది. మీది ఐదోది."

"ఫస్టు ఒకామె చెప్తే ఎంత మంచిగ చెప్పిందని టిక్కు గూడ పెట్టిన," అన్నాడు పెద్దాయన. "తర్వాత ఒచ్చిన పోరడు గూడ గదే ఫెస్టు, గదే సెమినార్ హాలు. దిల్‌సుఖ్‌నగర్ల ఎవడో కూసోని రాసిస్తున్నడు సార్. పిల్లలను ఖరాబ్ చేస్తున్నడు."

నా పాఠం మూతపడలేదన్నమాట. నోట్స్ ఇంకా చేతులు మారుతోంది. మామూలుగా అయితే గర్వపడాల్సిన విషయం. నేనేమన్నానో తెలుసా? "ఎవరోనండీ, ఈమధ్య అలాంటివాళ్ళు ఎక్కువైపోయారు" అన్నాను. యాదగిరి గారి బోర్డు కింద పన్నెండేళ్ళు అన్నం తిని, ఎవరోనండీ అన్నాను. సిగ్గేసింది. ఆ అమ్మాయి నా రెజ్యూమె పేజీ తిప్పింది. ఇన్‌స్టిట్యూట్ పేరు లావు అక్షరాల్లో నేనే పెట్టుకున్నాను. చదివింది. మంచి పిల్ల, పేజీ మళ్ళీ తిప్పేసింది.

"పోనీ సర్, కాలేజీ వద్దు. నిజంగా మీకు నచ్చిన బాస్ ఎవరైనా ఉన్నారా? మీ సొంత అనుభవం చెప్పండి."

నా తలరాత చూడండి. ఉన్నారు, యాదగిరి గారే. ఆ వాన కూడా ఆయనదే.

చెప్పాను. మా క్లాసులు సెల్లార్‌లో జరిగేవి. ఓ మధ్యాహ్నం కుంభవృష్టి. నేను మూసారాంబాగ్ దగ్గర ఇరుక్కుపోయి గంటన్నర ఆలస్యంగా వెళ్ళాను. తిడతారని భయపడుతూ మెట్లు దిగితే, అరవై ఏళ్ళ మనిషి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళల్లో బెంచీలు మోస్తున్నారు. మర్నాడు పద్దెనిమిది మంది పిల్లలకి ఇంటర్వ్యూ ఉంది. ఎవరి ఒపీనియనూ అడగలేదు ఆయన. "సారూ, ముందుగాల తల తుడుచుకో. క్లాసు పైన మా ఇంట్ల పెడదాం. రేపు పోరగాండ్లు పోవాలె గద," అన్నారు. మూడో అంతస్తులో వాళ్ళ హాల్లో మంచం ఎత్తి గోడకి నిలబెట్టి పిల్లల్ని కూర్చోబెట్టాం.

తర్వాత ఆ సంగతినే నేను పాఠంగా మార్చాను. పిల్లల నోట్లో ఇమడాలని ఆయన్ని తీసేసి టీమ్ లీడర్‌ని పెట్టాను, ఇల్లు తీసేసి సెమినార్ హాల్ పెట్టాను. హెచ్ఆర్ వాళ్ళకి నచ్చుతుందని అభిప్రాయాలు అడిగే గుణం కూడా తగిలించాను. ఆయనకి చూపిస్తే నవ్వి, పోరగాండ్లకు పనికొస్తే చాలన్నారు.

ఇదంతా చెప్పి, "ఆయన ఇప్పుడు లేరు మేడం," అనేసరికి నా గొంతు పూడుకుపోయింది. నిజంగానే. ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

పెద్దాయన మెచ్చుకోలుగా తలూపాడు. "బెంచీల వర్షన్ కొత్తగున్నది సార్. లాస్టుకు ఏడుపు గూడ మంచిగ పెట్టిన్రు."

వెటకారం కాదండీ, నిజంగానే మెచ్చుకున్నాడు. తప్పు ఆయనది కాదు. చివర్లో గొంతు కాస్త తగ్గించండి, ఎమోషన్ కనెక్ట్ అవుతుంది అని పిల్లలకి చెప్పింది నేనే. సాయంత్రానికి మెయిల్ వచ్చేసింది, ఈసారికి కుదరలేదని.

ఇంటికెళ్ళి మా ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. వింటూ వింటూ, "మరి చొక్కా సంగతి చెప్పలేదా?" అంది.

"ఏ చొక్కా?"

"ఆ వాన రోజు ఆయన చొక్కా వేసుకొచ్చారుగా మీరు, నీలం గళ్ళది. మీలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత ఉంది. తడి బట్టలతో క్లాసు చెప్తే జ్వరమొస్తుందని ఆయనే విప్పించి తొడిగారని మీరే చెప్పారు."

మర్చేపోయాను. అన్నేళ్ళు కథకి మెరుగులు దిద్దుతూ అసలు మనిషినే జారవిడుచుకున్నాను. అప్పుడు ఏడ్చాను, గొంతు తగ్గించకుండా.

కాసేపటికి, "చెప్పినా నమ్మేవాళ్ళు కాదులే," అన్నాను.

"నేను నమ్ముతున్నానుగా," అంది.

మొత్తానికి నా అనుభవం నిజమని నమ్మే మనిషి ఒక్కరు దొరికారు. ఏం లాభం, ఆవిడ దగ్గర వేకెన్సీ లేదు.