మేళం కదిరప్ప ఇంట్లో డీజే

పెనుకొండ చుట్టుపక్కల పెళ్లి పెట్టుకున్నవాళ్లు పురోహితుడి గడప దిగి నేరుగా ఎక్కేది కదిరప్ప గడపే. సన్నాయి అంటే కదిరప్ప, డోలు అంటే నాగప్ప. అట్లాంటి కదిరప్ప తన కూతురు తనూజ రిసెప్షన్‌కి హిందూపురం నుంచి డీజేని మాట్లాడుకొచ్చాడని తెలిసి ఊరంతా ముక్కున వేలేసుకుంది.

అందరికంటే ఎక్కువ మండింది నాగప్పకి. పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కాఫీ ఇచ్చినా ముట్టలేదు.

"ఏమప్పా, మేళగాని ఇంట్లో డీజే పెడతాండావంట. మన కడుపు కొట్టేటోళ్లను నువ్వే పిలిపిస్తాండావా?"

"రిసెప్షన్‌కే పిలిచినా. ముహూర్తానికి మన మేళమే. డోలు నువ్వు, సన్నాయి బత్తలపల్లి వాళ్లు."

"మరి నువ్వు?"

"నేను పెండ్లికూతురు నాయన్ని."

నాగప్పకి ఇది తిక్కమాటలా వినిపించింది. వినిపించదూ మరి! మేళం వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సొంత ఇంట్లో పెళ్లయితే బయటి సన్నాయిని పిలవరు, ఇంటి పెద్దే ఊదాలి. అది ఎంత గొప్పో అని అందరూ అంటారు, ఊదేవాణ్ని మాత్రం ఒక్కడూ అడిగిన పాపాన పోడు. కొడుకు పెళ్లిలో కదిరప్ప కొత్త పంచె కట్టుకుని, మెడలో దండ పక్కకి తోసుకుని ఊదాడు. గట్టిమేళం వేళకి సన్నాయివాడి చూపు పురోహితుడి చేతి మీదే ఉండాలి. ఆ చెయ్యి లేచిందంటే గుండెల్లో ఉన్న ఊపిరంతా ఊదాలి. ఊపిరి అయిపోయి తల తిప్పేసరికి తాళి కట్టడం అయిపోతుంది, జనం అక్షింతలు విసిరేసి భోజనాల వైపు చూస్తుంటారు. ఇన్నేళ్లలో ఎన్ని పెళ్లిళ్లకు ఊదాడో లెక్కలేదు గానీ, ఒక్క తాళి కట్టడం చూడలేదు. కన్నకొడుకు కట్టింది కూడా చూడలేదు. "మనోడి చేతులు ఎట్ల వణికినాయో చూస్తివా?" అని భార్య అంజనమ్మ నవ్వుతూ అడిగితే, లేచి వాకిట్లోకి పోయాడు. ఆ బాధ మనిషిని వదల్లేదు.

ఈసారి చూసి తీరాలనుకున్నాడు. ఈ పక్క ఊళ్లలో రిసెప్షన్ ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే. ఆ సాయంత్రం 'ఒక్క పాట' అని సన్నాయి ముట్టుకున్నాడంటే, తెల్లారి ముహూర్తానికి ఎవరూ తనను వదలరని ఆయనకు బాగా తెలుసు. అందుకే డీజే. అదీ ఎవరో ఒకరు కాదు. కల్యాణ మండపం ముందే వచ్చి చూసుకుని, ముసలోళ్లు యాడ కూర్చుంటారో అడిగి, బాక్సులు అటు తిరగకుండా పెట్టే రహీమ్.

"నీ ముందర పాటలు వేయాలంటే భయంగా ఉండాది మామా" అన్నాడు రహీమ్.

"నువ్వు ఆపకుండా వెయ్యి. నాకు అదే చాలు."

ధర్మవరం నుంచి పెళ్లికొడుకు వాళ్లు దిగారు. పాటలు మొదలయ్యాయి, పిల్లలు ఎగిరారు, ఎగరని పెద్దలు కాళ్లాడించారు. అంతా సజావుగా సాగుతుండగా కరెంటు పోయింది. మండపం జనరేటర్ లైట్లకూ ఫ్యాన్లకూ సరిపోయింది గానీ రహీమ్ బాక్సులకు చాలలేదు. "మా జనరేటర్ వ్యాన్లో ఉండాది మామా, దింపేదానికి కొంచెం సేపు పడుతుంది" అంటూ అతను బయటికి పరిగెత్తాడు.

ముందు వరసలో రొళ్ల మండలం శనక్కాయల ఆసామి సిద్దప్ప కూర్చుని ఉన్నాడు. ఆయన ఇంట్లో జరిగిన పెళ్లిళ్లన్నిటికీ కదిరప్పదే మేళం.

"ఏమప్పా కదిరప్పా, మిషన్ల సంగతి ఇంతే. సన్నాయి తే. ఒక్క పాట ఊదు."

జనం చప్పట్లు కొట్టారు. కొడుకే పోయి, గదిలో రేపటి మేళం సామాను పక్కన పెట్టిన సన్నాయి పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. అబద్ధమెందుకు, కదిరప్ప వేళ్లు దానికోసం లాగాయి. ఒళ్లు మండింది కూడా. పెట్టెను కుర్చీ కిందకి తోసి, ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"సిద్దప్పన్నా, నీ కూతురి పెండ్లిలో కూడా కరెంటు పోయింది. ఆ పొద్దు నిన్ను ఎవరన్నా లేచి పాట పాడమన్నారా? కూర్చోబెట్టి విసనకర్రతో విసిరినారు. ఈ పొద్దు నేనూ పెండ్లికూతురు నాయన్నే. నేను ఊదను."

ఇన్నేళ్లూ 'అయ్యా' తప్ప మరో మాట రాని నోటి నుంచి 'అన్నా' అని వచ్చేసరికి సిద్దప్ప మొహం కందిపోయింది. అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనూజ మాత్రం దండతోనే స్టేజీ దిగి వచ్చి నాయన పక్క కుర్చీలో కూర్చుంది. సాయంత్రం నుంచి మూతి ముడుచుకుని ఉన్న నాగప్ప వెనక వరసలోంచి గొంతెత్తాడు.

"ఆయప్ప ఊదడంటే ఊదడు. పాటలొచ్చేదాకా మాట్లాడుకుంటా కూర్చోండప్పా."

సిద్దప్ప లేచి వెళ్లిపోతాడనే అందరూ అనుకున్నారు. ఇంకా భోజనం కాలేదని గుర్తొచ్చిందో ఏమో, సర్దుకుని కూర్చున్నాడు.

రహీమ్ జనరేటర్ పలికింది, బాక్సులు దడదడమన్నాయి. జీవితమంతా తాళం తప్పని మనిషి ఆ సాయంత్రం తాళం తప్పి, సిగ్గు విడిచి ఎగిరాడు.

తెల్లారి పురోహితుడి చెయ్యి లేచింది. నాగప్ప డోలు ఉరిమింది. కదిరప్ప ఆ చేతి వైపు చూడలేదు. పసుపుతాడు తనూజ మెడ వెనక్కి పోవడం చూశాడు. అల్లుడి వేళ్లు మూడో ముడి దగ్గర తడబడటం చూశాడు. తల వంచిన బిడ్డ ఓరగా తన వైపే చూడటం చూశాడు. అందరి అక్షింతలూ పడ్డాయి, ఆయనవి మాత్రం పిడికిట్లోనే ఉండిపోయాయి. అంజనమ్మ మోచేత్తో పొడిచింది.

"వెయ్యి."

"ఉండు, చూడనీ" అన్నాడు కదిరప్ప.