కుర్మయ్య ఎక్కని బండి

మా తొండుపల్లి మెకానిక్ కుర్మయ్యకు ఒక పద్ధతి ఉంది. కారు ఇంజనుకు సూపర్‌చార్జర్ పెట్టమని ఎవరొచ్చినా, ముందు ఆ కారెక్కి, దాని యజమాని రోజూ తిరిగే దారిలో ఒక చుట్టు తిరిగొస్తాడు. ఆ తర్వాతే ఏ రకం పెట్టాలో చెబుతాడు. సూపర్‌చార్జర్ అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే యంత్రం. ఎంత గాలి పోతే అంత బలం. ఆ బలం ఎప్పుడు రావాలన్నదే అసలు పేచీ.

"ఫ్యాను రకం ఉంటది. ఇంజను గట్టిగ తిరిగినంక అందుకుంటది, రింగు రోడ్డుకు మంచిది. రెండు స్క్రూల రకం ఉంటది, కాలు పెట్టంగనే మెల్లగ లేపుతది. నువ్వు యాడ తిరుగుతవో నాకు తెల్వాలె గద!" అంటాడు. విమానాశ్రయం పక్కనే కాబట్టి, నెత్తి మీద విమానం వస్తే మాట మధ్యలో ఆపి, అది పోయాక ఆపిన చోటే అందుకుంటాడు.

కానీ మనిషి అలసిపోయాడు. మోకాళ్లు అరిగిపోయాయి. నేలకు ఆనుకున్నట్టుండే ఆ కార్లలో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. పైగా వచ్చేవాళ్లంతా ఫోన్లో వీడియోలు చూసి ముందే తీర్మానం చేసుకుని వస్తారు. వాళ్లకు కావలసింది సలహా కాదు, తలూపే మనిషి. ఎన్నాళ్లని వాదిస్తాడు?

మామిడిపల్లిలో టెంట్‌హౌస్ నడిపే రవీందర్ కూడా అలాగే వచ్చాడు.

"ఫ్యాను రకమే పెట్టన్నా. నేను తిరిగేది రింగు రోడ్డు మీదనే."

కుర్మయ్య కారు వైపు చూశాడు. మోకాళ్లు నిమురుకున్నాడు. "సరే తమ్మీ" అన్నాడు. ఆ ఒక్క బండీ ఎక్కలేదు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

కొన్ని వారాలకు రవీందర్ మళ్లీ వచ్చాడు, ముఖం వాడిపోయి.

"బండి మస్తుగ పోతున్నదన్నా. కానీ మా అమ్మ ఎక్కుతలేదు."

వాళ్లమ్మ అనంతమ్మ ప్రతి బేస్తవారం గుట్ట మీది పహాడీ షరీఫ్ దర్గాకు పోతుంది. గుట్ట ఎక్కే ఓపిక లేదు కాబట్టి కిందనే నిలబడి దండం పెట్టుకుని వస్తుంది. వారమంతా టెంట్ల వెంట తిరిగే కొడుకు ఆ పూట మాత్రం తనే తీసుకుపోయేవాడు. ఇప్పుడామె ఆటోలో పోతోంది. అడిగితే నడుము నొప్పి అంటుంది.

"ఆటోల లేస్తలేదా నడుము నొప్పి? అడిగితే ముఖం తిప్పుకుంటది. జర నువ్వొచ్చి చూడన్నా."

కుర్మయ్యకు చిరాకేసింది, రవీందర్ మీద కాదు, తన మీదే. ఒక్కసారి ఎక్కి ఉంటే ఈ బేస్తవారం ముచ్చట ముందే తెలిసేది.

ఆ బేస్తవారం తనే వెళ్లి, "నా కోసం ఒక్కసారి కూసో అవ్వా" అన్నాడు. పరాయి మనిషి అంతగా అడిగితే ఆమె కాదనలేకపోయింది. ఇద్దరూ వెనక కూర్చున్నారు.

దారి నిండా లారీలే. ఒకదాన్ని దాటడానికి రవీందర్ గేరు దింపి తొక్కాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా బండి ఎగిరి దూకింది, తలలు సీటుకు కొట్టుకున్నాయి. అనంతమ్మ కుర్మయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్పీడ్‌బ్రేకర్ దాటాక మళ్లీ అదే తంతు. ముందున్నవాడికి వెనక ఆమె పడుతున్న భయం తెలియదు.

"చూసినవా బిడ్డా, ఎట్ల గుంజుతున్నడో" ఆమె గొంతు తగ్గించింది. "ఇదివరకు గిట్ల తోలకపోతుండె. నన్ను తిప్పి తిప్పి వానికి ఇసుగు పుట్టింది, యాష్టకొచ్చింది. నోటితోని అంటలేడు, బండితోని అంటున్నడు. అందుకే ఆటోల పోతున్న."

కుర్మయ్య ముందు సీటు తట్టాడు.

"బండి ఆపు" అన్నాడు. రవీందర్ పక్కకు తీసి ఆపాడు.

"అవ్వా, గది వాని కోపం కాదు. నేను పెట్టిన మిషను గట్ల గుంజుతది. తప్పు నాది. వానికి..." విమానం వచ్చింది. ఈసారి ఆగలేదు, దాని మీంచే అరిచాడు. "వానికి నీ మీద ఏ కోపం లేదు!"

రవీందర్ వెనక్కి తిరిగాడు. "కోపమా? నీ మీదనా అమ్మా?"

"బండిల కొత్త మిషను పెట్టినవని నువ్వేం చెప్పకపోతివి గదరా."

రవీందర్ కళ్లు తుడుచుకుని బండి తీశాడు. గుట్ట దాకా, నీళ్ల బిందె మోస్తున్నట్టు నడిపాడు.

"రేపు తీస్కరా. ఇది ఇప్పి రెండు స్క్రూలది పెడత" అన్నాడు కుర్మయ్య. చేసిన పనంతా విప్పి మళ్లీ చెయ్యాలి. తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది.

గుట్ట కింద దిగబోతే కుర్మయ్యను మోకాళ్లు లేవనివ్వలేదు. అనంతమ్మ అప్పటికే దిగింది. చుట్టూ తిరిగి అతని తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"పట్టుకో బిడ్డా. నిమ్మలంగ దిగు. తొందరేం లేదు, మావోడు ఆగుతడు."