పొయ్యి మట్టి

పూలకుండీలో నీళ్లు పోసినప్పుడు లేచే మట్టి వాసనకి నాకు మా అక్క గుర్తొస్తుంది.

సముద్రం అవతల, సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర తెల్లదొర రబ్బరు తోటలో, కూలీల లైను ఇళ్లలో ఉండేవాళ్లం. నాకు ఆరేళ్లు, అక్కకి పదిహేను. తెల్లారకముందే అమ్మతో పాటు రబ్బరు చెట్ల పాలు తీయడానికి వెళ్లేది. ఇంట్లో నాన్న, అన్నలు తిన్నాకే ఆడవాళ్ల వంతు. అక్కకి గంజి, ఉప్పుచేప తల మిగిలేవి.

మా మట్టిపొయ్యి అంచు రోజూ కాస్త కాస్త విరిగిపోయేది. అమ్మ మెత్తితే మళ్లీ విరిగేది.

"దీన్నెవులు తినేత్తన్నారో!" అని అమ్మ విసుక్కుంటే, దెయ్యం తింటోందనుకుని నేను పొయ్యి దగ్గరికే వెళ్లేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం అక్క ఏదో కరకర నములుతోంది. పెదాల మీద ఎర్రమట్టి.

"ఏటి తింతన్నావక్కా?"

"అమ్మకి సెప్పకే. ఇది తినకపోతే పేణం నిలవదే," అంది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. దెయ్యం అక్కలో దూరిందనుకుని పారిపోయాను.

ఆ ఏటి వానల్లోనే అక్క రబ్బరు చెట్టు కింద కూలబడింది. మళ్లీ లేవలేదు. ఒంట్లో రక్తమే లేదని తోట ఆస్పత్రిలో చెప్పారట. మన్ను మీదికి మనసు పోయేది కూడా అందుకేనని పెద్దయ్యాక తెలిసింది.

ఆ తర్వాత అమ్మ చేపల కూర దించగానే మొదటి ముక్క నాకే వేసేది, నాన్న ఆకలితో కూర్చున్నా సరే. నేను చివరి మెతుకు మింగేదాకా నా నోటికేసే చూసేది. గారాబం అనుకునేదాన్ని. నా కూతురి పక్కన నేనూ అలాగే కూర్చున్నప్పుడు గానీ, అది భయమని అర్థం కాలేదు.