గుమ్మం ముందు స్టాపు

బదిలీ మీద కొత్త ఊరికొచ్చిన బస్సు డ్రైవరుకి మూడు వారాలుగా కాలు ఒకచోట నిలవడం లేదు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, పదకొండు అట్టపెట్టెలు బావమరిది ఇంటి హాల్లోనే ఉన్నాయి. బావమరిది పల్లెత్తు మాట అనడు. అతను అలా ఏమీ అనకపోవడమే డ్రైవరుకి ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

డ్యూటీ దిగితే చాలు, ఇళ్ల వేటే. ఒక పేటలో రోడ్డంతా గుంతలన్నాడు. ఇంకో పేటలో మలుపు మరీ ఇరుకన్నాడు.

"ఇల్లు చూసి రమ్మంటే రోడ్డు చూసొస్తారేంటండీ!" అని భార్య తల పట్టుకుంది.

చివరికి ఊరి శివార్లలో ఒక కాలనీలో ఇల్లు నచ్చింది. రోడ్డు వెడల్పు, గేటు ముందే స్టాపు. పైగా తను రోజూ తోలే రూటు అదే. ఇంకేం, అక్కడికక్కడే మాట ఇచ్చేసి, ఎగురుకుంటూ వచ్చాడు.

"బస్సు మన గుమ్మం ముందే ఆగుతుంది. పిల్లల బడికీ అదే, నా డిపోకీ అదే. ఇంకేం కావాలి?"

భార్య అట్టపెట్టెకి తాడు బిగిస్తూ అడిగింది. "పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికండీ?"

"ఐదున్నరకల్లా వచ్చేస్తుంది. నిమిషం ఆలస్యమవదు, నాది పూచీ."

"మీ పూచీ ఏంటి మధ్యలో?"

"దాన్ని డిపో నుంచి తెచ్చేది నేనేగా!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

పక్కగదిలోంచి బావమరిది మొట్టమొదటిసారి నోరు విప్పాడు.

"మరి దాన్ని తేవడానికి నువ్వు డిపోకి దేంట్లో వెళ్తావు బావా?"

మూడు వారాలుగా నిలవని కాలు అప్పుడు నిలిచింది.