రేవులో ఎదురుచూసిన చెంబులు

సీలేరు వైపు కొండల మధ్య జలాశయంలో ఒక చిన్న లంక ఉంది. మొన్న ఏప్రిల్లో ఆరుగురం పడవ మీద అక్కడికి వెళ్ళాం. "రాత్రికి చేపల పులుసే" అని మా ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేలం పట్టుకుని కూర్చున్నారు. ఒక్క చేపా పడలేదు.

తిరిగొస్తుంటే, రేవులో పదిమంది ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని నిలబడి ఉన్నారు. పడవ నడిపే సోమన్న వాళ్ళని చూసి నవ్వాడు.

"ఇటుకల పండగండి. మగోళ్ళు వేటకెల్లి వట్టి సేతుల్తో వత్తే ఆడోళ్ళు పేడనీళ్ళు కొడతారు."

"మేం టూరిస్టులం కదయ్యా!" అన్నారు మా ఆయన.

"గేలం ఉంది కదండి బాబూ," అన్నాడు సోమన్న.

మా ఆయన సోమన్నని బతిమాలి, అతని అన్నంమూటలో మిగిలిన ఎండుచేప పుచ్చుకున్నారు. తాజాగా కనబడాలని దాన్ని నీళ్ళలో ముంచి తీశారు. పడవ దిగుతూనే తోక పట్టి పైకెత్తి, "ఇదిగో, నేనే పట్టాను!" అన్నారు.

ముందున్న ముసలామె దాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"నీళ్ళలో ఎండిపోయిన సేప నీకు యే గెడ్డలో దొరికింది బాబూ?"

రేవంతా ఒకటే నవ్వులు. ఆమె తన చెంబు నా చేతిలో పెట్టింది.

"నీ మొగుడే కదమ్మా. మొదటి చెంబు నువ్వే కొట్టు."

మా ఆయన నా వైపు దీనంగా చూశారు. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆయన కోసిన కోతలన్నీ నాకు వరసగా గుర్తొచ్చాయి.

"రెండో చెంబు కూడా నాకే ఇస్తావా మామ్మా?" అని అడిగాను.