పియర్ ముక్కల ప్లేటు

ఆ రోజుల్లో నాకు లోకంలో తెలియని విషయమంటూ ఉండేది కాదు, పిల్లల పెంపకంతో సహా. పెళ్లి కూడా కాలేదు మరి! పరాయి దేశంలో, బర్నబీ అనే ఊళ్లో చదువుకుంటూ, చైనా నుంచి వచ్చిన ఒక ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆవిడ పదేళ్ల కూతురు నూటికి తొంభై ఆరు తెస్తే ఆంటీ అడిగేది ఒక్కటే. "అదర్ ఫోర్, వేర్?" తప్పులన్నీ దిద్దేదాకా ఆ పిల్లను కుర్చీలోంచి కదలనిచ్చేది కాదు. దిద్దాక మాత్రం పియర్ పండు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఫోర్కు గుచ్చి ముందు పెట్టేది. ఒక్క మెచ్చుకోలు మాటంటే ఈవిడ సొమ్మేం పోయిందని నేను తెగ జాలిపడేదాన్ని.

అంతలో నాకు ఉద్యోగం వచ్చింది, నెలలోగా డ్రైవింగ్ లైసెన్స్ చూపించాలన్న షరతుతో. మొదటి రోడ్ టెస్టులోనే పార్క్ చేయబోయి కారును ఫుట్‌పాత్ అంచు ఎక్కించి ఫెయిలయ్యాను. ఏడుపు మొహంతో ఇంటికొస్తే ఆంటీ పియర్ ప్లేటు చాచింది. ప్రాణం లేచొచ్చింది. కానీ పెట్టగానే తీసుకుంటే ఏం బాగుంటుంది (మన ఇళ్లలో అయితే కనీసం మూడుసార్లు బతిమాలతారు), అందుకని "వద్దాంటీ, నో" అన్నాను.

"గుడ్! పాస్ ఫస్ట్. దెన్ ఈట్," అంటూ ఆవిడ సంతోషంగా ప్లేటు వెనక్కి తీసుకుపోయింది! నా మొహమాటాన్ని ఆ పూట నేను తిట్టుకున్నట్టు ఎవరూ తిట్టి ఉండరు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తన కారులో నన్ను కమ్యూనిటీ సెంటర్ పార్కింగ్‌కు లాక్కెళ్లేది. కూతురు వెనక సీట్లో కూర్చుని నా తప్పులు నోట్‌బుక్‌లో రాసేది. "అగైన్." వాన కుమ్మేస్తున్నా "అగైన్." ఒకరోజు స్టీరింగ్ వదిలేసి, నావల్ల కాదని ఏడ్చేశాను. ఆంటీ ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిచ్చి, "డ్రింక్. దెన్ అగైన్," అంది.

వెనకనుంచి పాప నా చెవి దగ్గర, "షీ ఓన్లీ డజ్ దిస్ ఇఫ్ షీ థింక్స్ యూ కెన్," అని గుసగుసలాడింది. నేను ఇన్నాళ్లూ జాలిపడింది ఈ పిల్ల మీదేనా అని సిగ్గేసింది. కళ్లు తుడుచుకుని రివర్స్ గేర్ వేశాను.

రెండోసారి పాసయ్యాను. ఆంటీ రిజల్ట్ కాగితం అటూ ఇటూ తిప్పి, "టూ మిస్టేక్స్. వై?" అంది. జవాబు వినకుండానే చెక్కు తీయడం మొదలుపెట్టింది. ఈసారి ప్లేటు బల్లకు ఆనకముందే మొదటి ముక్క నా నోట్లో ఉంది.

ఇప్పుడు పెళ్లయి, మిల్టన్ అనే మరో ఊళ్లో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టుకు రెండో బహుమతి తెచ్చింది. "ఫస్ట్ ఎవరికే?" అనేసి నాలుక కరుచుకున్నాను.

"అమ్మా, యూ కెన్ జస్ట్ సే గుడ్ జాబ్," అంది అది నవ్వుతూ.

అందామనే నోరు తెరిచాను. కానీ మాటకంటే ముందే చెయ్యి పండ్ల బుట్ట మీదికి పోయింది. ఒకప్పుడు బేస్‌మెంట్‌లో ఉన్న ఆ సర్వజ్ఞురాలు నన్నిప్పుడు చూస్తే మా అమ్మాయి మీద ఎంత జాలిపడేదోనని నవ్వుకుంటూ, పియర్ పండు చెక్కు తీయడం మొదలుపెట్టాను.